పాన్స్ ల్యాబిరింత్‌లో పేల్ మ్యాన్ సీన్: సింబాలిజం గురించి ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకర్థమైనంత వరకు ఇది: ఫిల్మ్ స్టడీస్ అసైన్‌మెంట్‌కి ఈ సీన్ తీసుకున్నారు. (సినిమా చూడనివాళ్ళకి: ఒఫీలియా అనే చిన్నపిల్ల, ఫాన్ అనే మాయాజీవి పెట్టిన పరీక్ష కోసం, పిల్లల్ని తినే పేల్ మ్యాన్ అనే రాక్షసుడి గదిలోకి దేవకన్యల్ని వెంటబెట్టుకుని వెళ్ళి కత్తి తేవాలి. అక్కడి బల్ల మీదది ఏదీ తినకూడదు.) ‘ఎరుపు అంటే ప్రమాదం, ఇసుక గడియారం అంటే కాలం, తెల్లటి ఒళ్ళు అంటే చావు’ అని రాశారు. సార్ ‘ఇది ఏ సినిమాకైనా అతుకుతుంది’ అని తిప్పి పంపారు.

సార్ అన్నది కరెక్టే. ఎరుపంటే ప్రమాదం అనేది ట్రాఫిక్ సిగ్నల్‌కి సరిపోయే మాట. సీన్‌లో కనిపించే వస్తువు అర్థం కోసం అదే సినిమాలో ఆ వస్తువు ఇంకెక్కడ వచ్చిందో వెతకాలి. ఈ సీన్‌కి ఒక జంట సీన్ ఉంది, ఒఫీలియా సవతి తండ్రి, సైన్యాధికారి అయిన కెప్టెన్ విడాల్ ఇచ్చే విందు. అది పట్టుకుంటే సగం పని అయినట్టే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా చెక్కబొమ్మ చూసే ఉంటారు. ఒకటే దుంగ. ముందువైపు పొగరుగా నిలబడ్డ దయ్యం, వెనకవైపు తల వంచుకున్న అమ్మాయి. వెనక అద్దం పెట్టారు కాబట్టి రెండూ ఒకేసారి కనిపిస్తాయి. దర్శకుడు గియ్యెర్మో డెల్ టోరో ఈ రెండు భోజనాల బల్లల్నీ అలాగే చెక్కాడు. విందులో విడాల్ పొడవాటి బల్ల కొసన కూర్చుంటాడు, వెనక మంట. పేల్ మ్యాన్ కూడా బల్ల కొసనే, వెనక మంటే. అక్కడ ఊరి జనానికి రేషన్ ఎంత ఇస్తే చాలో మాట్లాడుకుంటూ తింటున్నారు. ఇక్కడ బల్ల నిండా తిండి, ముట్టేవాడు లేడు. ఈ రెండు ఫ్రేములూ స్క్రీన్‌షాట్ తీసి పక్కపక్కన పెట్టండి, అసైన్‌మెంట్‌కి మీ మొదటి బొమ్మ అదే.

ఇప్పుడు పేల్ మ్యాన్ ఒళ్ళు చూడండి. తోలు మడతలు మడతలుగా వేలాడుతుంటుంది. బాగా లావుగా ఉన్న మనిషి చిక్కిపోతే మిగిలే తోలు అది. ఎదురుగా అంత తిండి పెట్టుకుని ఎందుకు చిక్కిపోయాడు? వాడు తినేది పిల్లల్నే. పైకప్పు బొమ్మల్లో చూపించారు, మూలన చిన్న చిన్న చెప్పుల గుట్ట కూడా ఉంది. కథ జరిగేది 1944లో, నియంత ఫ్రాంకో పాలనలో ఉన్న స్పెయిన్‌లో. ఆ ఏడాది యూరప్‌లో పిల్లల చెప్పులు గుట్టగా పడున్నాయంటే నాజీ శిబిరాలు గుర్తు రాకుండా ఉండవు.

ముఖం మీద కళ్ళు లేవు. (లోపలున్న నటుడు డగ్ జోన్స్ ముక్కు రంధ్రాల్లోంచి చూస్తూ నటించాడు.) కనుగుడ్లు ఎదురుగా ప్లేట్‌లో ఉంటాయి. వాటిని అరచేతుల్లోని చీలికల్లో పెట్టుకుని, చేతులు ముఖం దగ్గరికి తెచ్చి వేళ్ళు విప్పుతాడు. అంటే చూడటానికీ పట్టుకోవడానికీ వాడికి ఒకటే అవయవం. అరచేతి గాయాలు శిలువని, ప్లేట్‌లో కళ్ళు, తన కళ్ళని పళ్ళెంలో పట్టుకున్నట్టు గీసే క్రైస్తవ సాధ్వి సెయింట్ లూసీ పటాల్ని గుర్తు చేస్తాయి. విడాల్ బల్ల దగ్గర చర్చి ఫాదర్ కూడా కూర్చుని తింటున్నాడు కదా, చర్చి గురించి రాయదలిస్తే ఆ ఆధారం చూపించి రాయండి. పేల్ మ్యాన్ దేవకన్య తల కొరికే షాట్ పక్కన, సొంత కొడుకుని తింటున్న దేవుణ్ణి స్పానిష్ చిత్రకారుడు గోయా గీసిన ‘శాటర్న్’ పెయింటింగ్ పెడితే ఇక వివరణ అక్కర్లేదు.

ఒఫీలియా ఆ బల్ల మీది ద్రాక్షపళ్ళు తినే దగ్గర చాలామంది ‘అత్యాశ’ అని రాసి జీరో తెచ్చుకుంటారు. విందు రాత్రి ఒఫీలియా కొత్త డ్రెస్సు బురద చేసుకొచ్చినందుకు వాళ్ళమ్మ అన్నం పెట్టకుండా పడుకోబెట్టింది. అది ఆకలి. ఫాన్ పెట్టిన ‘ఏమీ తినకు’ అన్న షరతు మన జానపద కథల్లో ‘నాలుగో దిక్కుకి మాత్రం వెళ్ళకు’ లాంటిదే, మీరితేనే కథ కదులుతుంది. కానీ ఒక చిక్కుంది. మిగతా సినిమా అంతా మాట వినని వాళ్ళ వైపే ఉంటుంది. ఇదే సీన్‌లో దేవకన్యలు చూపించిన తలుపు వదిలేసి ఒఫీలియా తనకి తోచింది తెరుస్తుంది, కత్తి దొరుకుతుంది. కాసేపటికే మాట వినక రెండు పళ్ళు తింటుంది, ఇద్దరు దేవకన్యలు చస్తారు. ఈ వైరుధ్యాన్ని సర్దిచెప్పకుండా ఉన్నదున్నట్టు పెట్టండి, అక్కడే మార్కులుంటాయి.

విజువల్ స్టైల్‌కి పద్ధతి చెప్తాను. మెట్రోలో ఫోన్ మీద చూస్తే నల్లటి భాగాలన్నీ ఒకటే ముద్ద, గోడ మీద బొమ్మలు కనబడవు. లైట్లు ఆర్పి, కనీసం 1080పీలో చూడండి. టీవీ అయితే ‘వివిడ్’ తీసేసి సినిమా మోడ్ పెట్టండి, లేకపోతే టీవీ కలిపిన ఎరుపుని కెమెరామన్ ఖాతాలో రాస్తారు. మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో, రెండోసారి అవి తీసేసి, మూడోసారి సౌండ్ కూడా ఆపి. మాటలు తక్కువున్న సీనే, అయినా అక్షరాలుంటే కన్ను ఫ్రేమ్ అడుగునే ఉండిపోతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో కీబోర్డ్ మీది ‘E’ కీ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ కదులుతుంది. ఒక్కో షాట్‌కి టైమ్, షాట్ సైజు, కెమెరా కదిలిందా, వెలుగు ఎటు నుంచి, ఏ రంగు ఎక్కువ అని ఒక లైన్ రాసుకోండి. తర్వాత శాచురేషన్ (రంగుల గాఢత) సున్నా చేసి, అంటే నలుపు తెలుపులో, మళ్ళీ చూడండి. రంగు పోయాక కూడా కన్ను ఎటు పోతోందో అది ఎక్కువగా లైటింగ్ పని, రంగుతో మాత్రమే నిలిచేది ఎక్కువగా ఆర్ట్ డైరెక్షన్ పని.

రంగుల గురించి క్లుప్తంగా: విడాల్ మకాం పెట్టిన మిల్లు లోకం చల్లటి నీలం, గీతలు నిటారు. ఒఫీలియా మాయాలోకం ఎరుపు, బంగారం, వంపులు. అందుకే విందులో విడాల్ వెనక మంటని వదలొద్దు, పేల్ మ్యాన్ లోకం వెచ్చదనం అక్కడికి ముందే వచ్చి కూర్చుంది. ఈ సినిమాకొచ్చిన 3 ఆస్కార్లు సినిమాటోగ్రఫీ, ఆర్ట్ డైరెక్షన్, మేకప్‌లకే, కాబట్టి కథ చెప్పడానికి ఒక పేరా మించనివ్వకండి. ఛాయాగ్రాహకుడు గియ్యెర్మో నవార్రో, దర్శకుడి పేరూ గియ్యెర్మోనే. ఇద్దర్నీ కలిపేయకండి.