తేడాలు సెట్ దాకా రానివ్వకండి

చిరంజీవికి ఆశీస్సులు,

నీ స్క్రిప్టు చదివాను. దాని గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు నీ ప్రశ్న సంగతి. మీ అన్నయ్య డైరెక్షన్, నీ రైటింగ్; సెట్‌లో మాట తేడా వస్తే ఎవరి మాట చెల్లాలని అడిగావు. ఆ తేడా సెట్ దాకా రాకూడదమ్మా.

బెల్జియంలో జాన్-పియేర్, లూక్ దార్దెన్ అనే అన్నదమ్ములు 1970ల నుంచి కలిసి పనిచేస్తున్నారు. మొదట్లో డాక్యుమెంటరీలు తీశారు. 1992లో పెద్ద యూనిట్‌తో తీసిన సినిమా ఆడలేదు సరికదా, వాళ్లకే నచ్చలేదు. సినిమా తమ చేయి దాటిపోయిందని గ్రహించి, 1994లో సొంత సంస్థ పెట్టుకున్నారు. తాము పెరిగిన ఉక్కు ఫ్యాక్టరీల ప్రాంతంలోనే, పెద్దగా పేరులేని నటులతో మళ్లీ మొదలుపెట్టారు. 1999లో ‘రోజెట్టా’కు, 2005లో మరో సినిమాకు కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి ‘పామ్ డోర్’ అందుకున్నారు.

నువ్వు చూడాల్సింది వాళ్ల పని పద్ధతి. ముందు ఇద్దరూ కథ గురించి తెగ మాట్లాడుకుంటారు. తర్వాత లూక్ కూర్చుని రాస్తాడు, అన్న చదివి చెబుతాడు. షూటింగ్‌కి ముందు వారాల తరబడి అసలు లొకేషన్లలోనే నటులతో రిహార్సల్స్ చేస్తారు. అప్పుడు యూనిట్ ఉండదు. చిన్న వీడియో కెమెరా పట్టుకుని అన్నదమ్ములే తీసుకుంటారు. మనిషి ఏ తలుపులోంచి రావాలి, ఎక్కడ ఆగాలి అన్నవి అక్కడే వెతుక్కుంటారు. అందుకే షూటింగ్‌లో ఒకరు నటుల దగ్గర, ఒకరు మానిటర్ దగ్గర ఉన్నా ఇద్దరి తలలో ఉన్న సినిమా ఒకటే.

మీకు ఫోన్ చాలు. కెమెరా అద్దె మీటరు తిరగకముందే, నటులకు బేటా (రోజువారీ భత్యం) లెక్క మొదలవకముందే, లొకేషన్‌కి వెళ్లి ప్రతి సీనూ తీసి చూసుకోండి. పేచీ వస్తే నీ పద్ధతిలో ఒకసారి, అన్నయ్య పద్ధతిలో ఒకసారి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత గట్టిగా పోట్లాడుకున్నా అక్కడే. లైట్‌మెన్ ముందు మీరిద్దరూ వాదించుకుంటే ఆ రోజు కాల్‌షీట్ పోయినట్టే.

నాకు నిజంగా బెంగగా ఉన్నది ఇంకొకటి. “మనలో మనకి కాగితాలేంటి” అని అన్నయ్య అంటాడు, నువ్వూ సరేనంటావు. అనకు. టైటిల్ కార్డులో నీ పేరు ఎక్కడ పడాలి, ఓటీటీకి అమ్ముడుపోతే ఎవరి వాటా ఎంత, డబ్బు పోతే అప్పు ఎవరిది... షూటింగ్‌కి ముందే రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఒక కాపీ మీ అమ్మగారి దగ్గర ఉంచండి.

ప్రేమతో,
మీ మాస్టారు