గుండ్రాడా ఎవరి కూతురు?

ప్రశ్న: నమస్తే అండి. ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్ రాజు విలియం వంశవృక్షం ఒకటి గీసుకుంటున్నా, గుండ్రాడా అనే ఆవిడ దగ్గర ఆగిపోయా. ఒక పాత పుస్తకంలో ఆవిడ విలియం సొంత కూతురని ఉంది, ఇంకోదాంట్లో రాణి మటిల్డాకి మొదటి మొగుడి వల్ల పుట్టిన పిల్ల అని ఉంది, ఈమధ్య వచ్చినవాటిలో చూస్తే అసలు ఆ రాజకుటుంబానికీ ఈవిడకీ రక్తసంబంధమే లేదంటున్నారు. ముగ్గురూ ఆధారాలు చూపిస్తున్నారు. నా చార్టులో ఆవిణ్ణి ఎక్కడ పెట్టాలి?

జవాబు: మంచి చోట ఆగారండి, ఎందుకంటే చాలామంది ఇక్కడ ఆగకుండా గీత గీసేసి వెళ్లిపోతారు. ముందు ఆవిడెవరో మిగతా పాఠకుల కోసం రెండు ముక్కల్లో చెప్తా. 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో విలియం పక్కన ఉన్నాడని గట్టిగా చెప్పగలిగిన కొద్దిమందిలో విలియం డి వారెన్ ఒకడు, గుండ్రాడా ఆయన భార్య. మొగుడూ పెళ్లాం కలిసి రోమ్‌కి యాత్ర బయల్దేరి, దారిలో పోప్‌కీ చక్రవర్తికీ గొడవలు జరుగుతుంటే ముందుకెళ్లలేక ఫ్రాన్స్‌లో క్లూనీ మఠంలో ఆగిపోయారు, అక్కడి సన్యాసుల పద్ధతి బాగా నచ్చి తిరిగొచ్చాక సస్సెక్స్‌లోని లూయిస్ ఊళ్లో అదే సంప్రదాయంలో మఠం పెట్టించారు, ఇంగ్లండ్‌లో క్లూనీ వాళ్ల మొదటి మఠం అదే, 1077 ప్రాంతంలో. ఆవిడ 1085 మే 27న నార్ఫోక్‌లోని కాజిల్ ఏకర్‌లో కాన్పులో చనిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. ఆవిడ రాజు కూతురు అనే మాట ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి, అంతా ఆ లూయిస్ మఠం కాగితాల్లోంచే వచ్చింది. ఒకటి, రాజు విలియం నార్ఫోక్‌లోని వాల్టన్ అనే ఊరిని మఠానికి రాసిచ్చిన దానపత్రం. అందులో గుండ్రాడా పేరు పక్కన లాటిన్‌లో 'ఫిలియే మెయే' అని ఉంటుంది, అంటే 'నా కూతురు' అని. అయితే ఆ రెండు మాటలూ మిగతా వరసలో లేవు, వరస పైన ఇరికించి రాసి ఉన్నాయి, అదీ తర్వాతి వాళ్ల చేతిరాతలో. రెండోది, వారెన్ ఇచ్చినట్టు చెప్పే స్థాపన పత్రం, అందులో రాణి మటిల్డాని 'నా భార్య తల్లి' అని రాశారు. ఇది మఠం వాళ్లు 15వ శతాబ్దంలో కట్టిన పత్రాల పుస్తకంలో నకలుగా దొరుకుతుంది, పత్రమే తర్వాత కల్పించిందని పరిశోధకులు తేల్చారు.

ఈ పత్రాన్ని చదివి పూర్వం ఎంతమంది మంచి మంచి పండితులు మోసపోయారో తలుచుకుంటే బాధేస్తుంది, ఎందుకంటే చూడ్డానికి అది చాలా నిజంలా ఉంటుంది, యాత్ర కథ, క్లూనీ పెద్దల్ని బతిమాలుకోవడం అన్నీ ఎంతో వివరంగా ఉంటాయి.

రాణి మొదటి పెళ్లి సంగతి కూడా ఇందులోంచి పుట్టిందే. 1846లో స్టేపుల్టన్ అనే పరిశోధకుడు ఒక వాదన తెచ్చాడు. పత్రంలో తల్లి మటిల్డా అని ఉంది కదా, ఇంకోచోట గుండ్రాడాకి గెర్బోడ్ అనే ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు ప్రాంతం) మనిషి అన్న అని ఉంది కదా, మరి రెండూ నిజం కావాలంటే మటిల్డాకి ముందు ఒక ఫ్లాండర్స్ మొగుడు ఉండి ఉండాలి, వీళ్లంతా ఆయన పిల్లలు అన్నాడు. పైగా 1049లో రైమ్స్ సభలో పోప్ తొమ్మిదో లియో, విలియం మటిల్డాల పెళ్లి జరక్కూడదన్నాడు కదా, దానికి కారణం కూడా దీంతో కుదిరిపోతుందని చూపించాడు. నార్మన్ ఆక్రమణ మీద ఎన్నో సంపుటాలు రాసిన ఫ్రీమన్ అంతటివాడు మొదట దీన్ని ఒప్పుకున్నాడు. తర్వాత 1888లో ఆయనే మళ్లీ కూర్చుని ఆధారాలన్నీ ఒక్కొక్కటీ తిరగేసి, గుండ్రాడా ఇటు విలియం కూతురూ కాదు, అటు మటిల్డా కూతురూ కాదు అని వ్యాసం రాశాడు. తను అచ్చేసిన మాటని తనే వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదండి, ఆ వ్యాసం మీద నాకు చాలా గౌరవం.

మరి దేన్ని చూసి తేల్చాలి అంటే, నా లెక్కలో అన్నిటికంటే బలమైన కాగితం ఒక ఉత్తరం. గుండ్రాడా కొడుకు, ఈయన పేరు కూడా విలియం డి వారెనే, ఇతనికి రాజు ఒకటో హెన్రీ (విలియం మటిల్డాల కొడుకు) తన కూతుర్ని, అంటే పెళ్లి కాని సంబంధంలో పుట్టిన ఒక అమ్మాయిని, ఇవ్వాలనుకున్నాడు. సలహా అడిగితే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ వద్దని రాశాడు, ఎందుకంటే వాళ్లిద్దరూ ఒకవైపు నాలుగో తరంలో, ఇంకోవైపు ఆరో తరంలో చుట్టాలవుతారు అన్నాడు. ఆ రోజుల్లో చర్చి రూలు ఏడు తరాల దాకా చుట్టరికం ఉంటే పెళ్లి కుదరదని, 1215లో గానీ దాన్ని నాలుగుకి తగ్గించలేదు.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. గుండ్రాడా గనక విలియం కూతురైనా మటిల్డా కూతురైనా హెన్రీకి సొంత అక్కో, తల్లి వైపు అక్కో అవుతుంది. అప్పుడు ఆవిడ కొడుక్కి హెన్రీ సాక్షాత్తూ మేనమామ, ఆ అమ్మాయి మేనమామ కూతురు. చర్చి లెక్కలో అది రెండో తరం. కళ్లెదురుగా రెండో తరం చుట్టరికం పెట్టుకుని, ఎక్కడో నాలుగూ ఆరూ తరాలు వెతికి మరీ అభ్యంతరం చెప్తాడా ఆన్సెల్మ్? ఆయన 1109లో చనిపోయాడు, అంటే ఉత్తరం రాసేటప్పటికి ఈ కుటుంబాల్ని ఎరిగిన మనుషులు ఇంకా బతికే ఉన్నారు. పైగా ఆయనకి ఇందులో ఎవర్నీ పెద్ద చేసి చూపించాల్సిన అవసరం లేదు, చుట్టరికం ఎంత దగ్గరైతే ఆయన మాటకి అంత బలం. అందుకే ఈ ఉత్తరం పక్కన ఆ ఇరికించిన రెండు మాటలు నిలబడవు అంటున్నా.

ప్రశ్న: మరి సమాధి రాయి మీద 'డ్యూకుల వంశం' అని ఉందంటారు కదా, విలియం నార్మండీకి డ్యూకే కదండీ?

జవాబు: ఉందండి, 'స్టిర్ప్స్ గుండ్రాడా డుకుమ్' అనే మొదలవుతుంది ఆ పద్యం. టూర్నే నుంచి తెచ్చిన నల్లరాయి అది, చాలా అందమైన చెక్కడం. దాని కథ కూడా వినదగ్గదే, మఠం కూల్చేశాక ఐస్‌ఫీల్డ్ చర్చిలో వేరే ఎవరిదో సమాధి మీద పలకగా వేసేశారు, 18వ శతాబ్దంలో గుర్తుపట్టి 1775లో లూయిస్ పక్కనే ఉన్న సౌత్‌ఓవర్ చర్చికి తెచ్చారు. తర్వాత 1845లో రైల్వే లైను కోసం పాత మఠం స్థలంలో తవ్వుతుంటే రెండు చిన్న సీసపు పెట్టెలు బయటపడ్డాయి, ఒకదాని మీద గుండ్రాడా, ఇంకోదాని మీద విలియం అని పేర్లు, లోపల ఎముకలు. అప్పటికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కింద బతికిన ఆ ఇద్దరూ అలా పక్కపక్కనే దొరకడం చదివినప్పుడల్లా నాకు మనసు ఒకలా అయిపోతుంది.

కానీ మీ ప్రశ్నకి వస్తే, ఆ రాయి చెక్కింది ఆవిడ పోయిన దాదాపు అరవై ఏళ్లకి, 12వ శతాబ్దం మధ్యలో. 'డుకుమ్' అంటే డ్యూకులే కానక్కర్లేదు, నాయకులు, సేనాధిపతులు అని కూడా లాటిన్‌లో అర్థం. నిజంగా ఇంగ్లండ్ రాజు కూతురైతే పద్యం రాసినవాడు రాజు అనే మాట ఎందుకు వదిలేస్తాడు? చనిపోయినవాళ్లని పొగిడే చోట అంత పెద్ద మాట ఎవరూ దాచుకోరు.

ప్రశ్న: అయితే ఆవిడ పుట్టిల్లు ఏది? మఠం వాళ్లు ఎందుకలా రాసుకున్నారు?

జవాబు: రెండోదానికి ముందు చెప్తా. మమ్మల్ని స్థాపించింది రాజు కూతురు అంటే మఠానికి గౌరవం, ఆస్తుల తగాదా వచ్చినప్పుడు బలం. అప్పట్లో చాలా మఠాలు పాత పత్రాలకి ఇలా మెరుగులు దిద్దాయి.

పుట్టింటి గురించి ఆర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి మాట నాకు నమ్మకం. ఇంగ్లండ్‌లో పుట్టి, సరిగ్గా గుండ్రాడా పోయిన 1085లోనే పదేళ్ల పిల్లాడిగా నార్మండీ మఠానికి వెళ్లిపోయి, ఆ కుటుంబాల చరిత్ర అంతా రాసినవాడు. ఆయన ఈవిణ్ణి గెర్బోడ్ చెల్లెలని రాశాడు. ఈ గెర్బోడ్ ఫ్లాండర్స్ మనిషి, విలియం ఆయనకి చెస్టర్ ఇచ్చాడు, కొద్దికాలం ఉండి 1071 ప్రాంతంలో ఫ్లాండర్స్ వెళ్లి అక్కడ శత్రువులకి చిక్కిపోయాడు, చెస్టర్ వేరేవాళ్లకి పోయింది. ఫ్రెడరిక్ అని ఇంకో సోదరుడు ఉండేవాడు, నార్మన్ల మీద హియర్‌వార్డ్ అనేవాడు చేసిన తిరుగుబాటులో చనిపోయాడు. 1086 నాటి డూమ్స్‌డే భూముల లెక్కలో నార్ఫోక్ దగ్గర చూడండి, వారెన్ చేతిలో ఉన్న కొన్ని భూముల్ని 'ఫ్రెడరిక్ జాగీరులోవి' అని రాశారు. భార్య సోదరుడి భూమి బావమరిది పోయాక బావ చేతికి వచ్చింది. గుండ్రాడా పుట్టింటి జాడ ఇంగ్లండ్ నేల మీద అలా మిగిలింది, నాకైతే ఆ ఒక్క లైను పది దొంగ దానపత్రాల కంటే విలువైంది.

కాబట్టి మీ చార్టులో విలియం మటిల్డాల పిల్లల వరసలోంచి ఆవిణ్ణి తీసేయండి. పక్కన ఖాళీలో గెర్బోడ్, ఫ్రెడరిక్, గుండ్రాడా ముగ్గుర్నీ ఒకే వరసలో పెట్టి ఫ్లాండర్స్ అని రాయండి, అక్కణ్నుంచి పెళ్లి గీత వారెన్‌కి గీయండి. ఇంకో చిన్న మాట, చాలా చార్టుల్లో ఆవిడ పేరు ముందు 'సర్రే కౌంటెస్' అని ఉంటుంది, వారెన్‌కి ఆ ఎర్ల్ బిరుదు వచ్చింది 1088లో, ఆవిడ పోయిన మూడేళ్లకి, అది కూడా కొట్టేయండి.