పదును ఎక్కడ పెడతారు, సాన ఎక్కడ పడతారు?

సందేహం: అయ్యా, నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కొంతకాలంగా శని ఆదివారాలు మా గరాజ్‌లో చిన్న గ్యాస్ కొలిమి పెట్టుకుని కొక్కేలు, సీసా మూతలు తీసే ఓపెనర్లు, ఆకు ఆకారంలో కీచెయిన్లు చేస్తున్నాను. ఈ మధ్య ట్రక్కు స్ప్రింగు ముక్కతో ఒక కత్తి కూడా చేశాను. మా తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో వీటిని బల్ల మీద పెట్టి, పక్కన తెలుగులో చీటీలు రాయాలని కోరిక. రాయబోతే అడుగడుగునా అనుమానమే. ‘ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి పదును పెట్టిన కత్తి’ అని రాస్తే మా బావగారు ‘పదును పెట్టేది సానరాయి మీద కదా, నూనెలో పెట్టడమేమిటి?’ అని నవ్వారు. ‘కాల్చి’ అనాలా, ‘కాచి’ అనాలా? చేత్తో చేసినవి కాబట్టి ‘చేత ఇనుము’ అనవచ్చా? యాన్విల్‌కు మన మాట ఉందా? చివర్లో వైర్ బ్రష్ కొట్టి, వేడి మీద అవిసె నూనె, తేనెమైనం రుద్దుతాను. ఈ ఫినిషింగ్‌కు ‘తుది మెరుగులు’ సరిపోతుందా?

సమాధానం: ముందు మీ బావగారి సంగతి చూద్దాం. మీరు రాసింది నిక్షేపంలాంటి తెలుగు. నూనెలో పెట్టేదే పదును, రాయి మీద పట్టేది సాన.

పదును అనగానే ఇవాళ అందరికీ తెగే అంచు గుర్తొస్తుంది. మాట మాత్రం అంతకంటే చాలా విశాలమైనది. నిఘంటువుల్లో దీనికి ‘పదను’ అనే రూపం కూడా ఉంది. తగిన స్థితి, పక్వం, పని చేయడానికి అనువుగా ఉండటం అని అర్థం. వాన పడ్డాక రైతు ‘మంచి పదును పడింది’ అంటాడు. దుక్కికి సరిపడా నేల తడిసిందని దాని భావం. మరీ తడిస్తే నాగలికి బురద అంటుకుంటుంది, తడి చాలకపోతే బెడ్డలు లేస్తాయి. ఈ రెంటికీ మధ్య నాగలి హాయిగా దిగే స్థితి పదును. ‘అదను పదను చూసి విత్తాలి’ అంటారే, అందులో అదను కాలానికి చెందింది, పదను నేలకు చెందింది. ఇనుము విషయంలోనూ ఇదే లెక్క. మరీ గట్టిపడితే పెళుసెక్కి, చేయిజారి పడినా విరుగుతుంది. గట్టిదనం చాలకపోతే నాలుగు దెబ్బలకే అంచు మడతపడుతుంది. విరగకుండా, మడతపడకుండా ఉండే స్థితికి తేవడం పదును పెట్టడం. కత్తి తెగడం ఆ స్థితికి దక్కిన ఫలితం. జనం ఫలితాన్నే చూస్తారు కాబట్టి మాట మెల్లగా అటు జరిగింది. ‘పదునైన మాట’, ‘బుద్ధికి పదును పెట్టు’ వంటివన్నీ ఆ జరిగిన అర్థం మీద నిలబడ్డవే.

ఊరి కొలిమి దగ్గర కొడవలికి పదును పెట్టడం మీరు చూసి ఉండకపోవచ్చు. ఎర్రగా కాగిన కొడవలిని కమ్మరి అంచు వరకే నీళ్లలో దించుతాడు. చుయ్‌మంటుంది. వెంటనే పైకి తీసి, ఇటుక ముక్కతో అంచు మీది నల్లపొరను గీకి తెల్లగా చేస్తాడు. వెనక భాగంలో ఇంకా వేడి ఉంటుంది. అది మెల్లగా అంచు వైపు పాకుతుంటే గీకిన చోట రంగులు దిగుతాయి. మొదట ఎండుగడ్డి రంగు, తరవాత గోధుమ, ఊదా, చివరికి నీలం. గడ్డి రంగు సుమారు 220 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర వస్తుంది, నీలం 300 దగ్గర. తనకు కావలసిన రంగు అంచుకు చేరిందనగానే కొడవలి మొత్తాన్ని నీళ్లలో వేసేస్తాడు. థర్మామీటరు లేదు, గడియారం లేదు, కంటి కొలతే.

ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని హార్డెనింగ్, టెంపరింగ్ అని రెండు పనులుగా చెబుతాయి. మీరూ రెండుగానే చేస్తుంటారు: అయస్కాంతం అంటుకోవడం మానేసే వేడి, అంటే దాదాపు 770 డిగ్రీలు దాటించి నూనెలో ముంచడం ఒకటి, తరవాత ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఉంచడం రెండోది. కొలిమి దగ్గర అవి రెండూ ఒకే ఊపులో జరిగిపోతాయి కనుక తెలుగులో రెంటికీ కలిపి ఒకే మాట సరిపోయింది. విడదీసి చెప్పక తప్పకపోతే మొదటిదాన్ని ‘గట్టిపరచడం’, రెండోదాన్ని ‘పెళుసు తీయడం’ అనండి. ఇది నా సూచనే, నిఘంటువు తీర్పు కాదు. దృఢీకరణం, మృదూకరణం అని ఎవరైనా సలహా ఇస్తే పరీక్ష పేపరుకు దాచుకోండి. ఉగాది నాడు పులిహోర చేతిలో పట్టుకుని అవి చదివేవాళ్లుండరు.

ఇక ‘నూనెలోనా?’ అన్నదానికి మీ బావగారికి చాలా పాత సాక్ష్యమే చూపించవచ్చు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 8వ అధ్యాయంలో వైద్యుడి శస్త్రాలకు ‘పాయన’ మూడు విధాలని ఉంది: క్షారంలో, నీటిలో, నూనెలో. పాయన అంటే తాగించడం. బాణపు ములుకులను, ఎముకలను కోసేవాటికి క్షారం, మాంసం కోసేవాటికి నీరు, సిరలను పొడిచేవాటికీ స్నాయువులను కోసేవాటికీ నూనె అని అక్కడే విభజించి చెప్పారు.

బావగారి పక్షాన కూడా ఒక మాట. సైకిల్ మీద చక్రం బిగించుకుని వీధుల్లో తిరిగే మనిషి దగ్గరికి ‘కత్తి పదును పెట్టించుకురా’ అని పిల్లాణ్ని పంపని ఇల్లుండదు. మామూలు వాడుకలో అది తప్పు కాదు. కొలిమి పనిని, రాతి పనిని పక్కపక్కన వివరించే చీటీలో మాత్రం తేడా పాటించాలి. ‘నూనెలో పదును పెట్టి, సాన పట్టిన కత్తి’ అని రాస్తే పేచీయే లేదు. సాన పెట్టడం అన్నా, పట్టడం అన్నా రెండూ వాడుకలో ఉన్నవే.

కొక్కేల చీటీ మీద మాత్రం ‘పదును పెట్టిన’ అని రాయకండి. మీరు వాటికి వాడే మామూలు కడ్డీలో కర్బనం పావు శాతం లోపే ఉంటుంది. దాన్ని ఎన్ని నూనెల్లో ముంచినా చెప్పుకోదగ్గంత గట్టిపడదు. స్ప్రింగు ముక్కలో దాదాపు 0.6 శాతం ఉంటుంది కాబట్టే అది పదునుకు లొంగింది. మన ఊళ్లలో కూడా కమ్మరులు పాత లారీ కమాను పట్టీలను ఏరి తెచ్చుకునేది అందుకే. తెలుగులో ఈ రెండో రకం లోహం పేరు ఉక్కు. ‘స్టీలు కత్తి’ అని రాశారో, చదివినవాళ్లకు తళతళలాడే వంటింటి చాకు కనిపిస్తుంది. మనకు స్టీలు అంటే గిన్నెలు, గ్లాసులు, టిఫిన్ క్యారియర్. 1966లో ఊరూవాడా మోగిన నినాదం ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’. ఆ చోట స్టీలు పెట్టి పలికి చూడండి, ప్రాసతో పాటు పౌరుషమూ పోతుంది. పైగా ఉక్కు ఊళ్లు దాటి వెళ్లిన మాట. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో చదివిన వ్యాసంలో మన దేశపు ఉక్కును ‘వూట్జ్’ అన్నారు. దక్షిణాది ‘ఉక్కు’ అనే మాటే అలా మారిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో, అంటే లోహం కరిగించే మట్టిపాత్రల్లో, వండిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారని 19వ శతాబ్దపు రాతల్లో ఉంది. అందుకని కత్తి చీటీ మీద నిస్సంకోచంగా ‘ఉక్కు’ అని రాయండి.

కాల్చడం, కాచడం. పాలు కాగుతాయి, మనం కాస్తాం. పిడక కాలుతుంది, మనం కాలుస్తాం. వేడి ఎక్కించి పనికి సిద్ధం చేయడం కాచడం. మంట పట్టి, వస్తువు మునుపటిలా మిగలకుండా చేయడం కాల్చడం. వేమన ‘ఇనుము విరిగెనేని’ అని మొదలుపెట్టి, ‘కాచి యతుకవచ్చు’ అన్నాడు. సాగగొట్టడానికీ అతకడానికీ చేసే వేడికి ‘కాచి’ అన్నదే ఒప్పు. అయితే ‘కర్రు కాల్చి వాత పెట్టడం’ అనే నానుడి అందరికీ తెలిసిందే. కనుక ‘కాల్చి’ అన్నా భాషకు ముప్పేమీ లేదు. కొలిమి పని తెలిసినవారికి మాత్రం ‘ఇనుము కాలిపోయింది’ అంటే వేరే కబురు. వేడి మితిమీరి తెల్లబారి, కాకరపువ్వొత్తిలా రవ్వలు చిమ్మితే ఆ ముక్క పాడైనట్టే. మళ్లీ సుత్తి వేస్తే పొడిపొడిగా రాలుతుంది. ఈ తేడా మీకే ఎక్కువ అవసరం కాబట్టి ‘ఎర్రగా కాచి’ అనే రాయండి.

‘చేత ఇనుము’ వద్దు. ఇందులో చేతికి సంబంధమేమీ లేదు. రాయు నుంచి రాత, కోయు నుంచి కోత, పోయు నుంచి పోత వచ్చినట్టే చేయు నుంచి చేత వచ్చింది. కరిగించి అచ్చులో పోస్తే పోత ఇనుము, కాచి కొట్టి సాగదీయడానికి లొంగేది చేత ఇనుము. పాఠ్యపుస్తకాల్లో అది ఒక లోహం రకానికి పేరు: కర్బనం బాగా తక్కువగా ఉండి, చిట్టెం, అంటే ఇనుము తీసేటప్పుడు మిగిలే మడ్డి, పోగులుగా నారలా కలిసి ఉండే పాతకాలపు ఇనుము. అమెరికాలో అయినా, ఇక్కడైనా ఇవాళ దుకాణంలో దొరికే కడ్డీ అది కాదు. పాత వంతెనల నుంచో, గేట్ల నుంచో విప్పిన ముక్క మీకు దొరికి, దానితో ఏదైనా చేసినప్పుడు ఆ పేరు దర్జాగా వాడుకోవచ్చు.

యాన్విల్, అంటే కాచిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ, మన దాగలి. దాకలి అని కూడా అంటారు. పట్నం పిల్లలు ఈ మాటను కొలిమి దగ్గర కాకుండా జీవశాస్త్రం పాఠంలో నేర్చుకుంటారు. మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకలు కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని బట్టీ పట్టినవాళ్లందరికీ ఆ పేరు నోటికి వస్తుంది. అసలు దాగలి ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. ఉగాదికి మీ దాగలిని కూడా మోసుకెళ్లి బల్ల మీద పెట్టగలిగితే ఎందరికో చెవి పాఠం తెరుచుకుంటుంది. సుత్తి, సమ్మెట, పట్టుకారు, ఆకురాయి మీకు తెలిసే ఉంటాయి. సమ్మెట అంటే రెండు చేతులా ఎత్తి కొట్టే పెద్దది. ఆకురాయి పేరుకే రాయి, వస్తువు ఉక్కుదే.

ఇక ఫినిషింగ్. ‘తుది మెరుగులు’ పత్రికల్లో ఫ్లైఓవర్లకు, బడ్జెట్లకు వాడి వాడి అరిగిపోయిన మాట. అది పక్కన పెట్టినా, మెరుగు అంటే మెరుపు. ఇత్తడి చెంబుకు, బంగారు గాజుకు మెరుగు పెడతారు. మీరు చేస్తున్నది దానికి తలకిందులు: ఇనుమును నల్లగానే ఉంచి కాపాడుతున్నారు. నగిషీ కూడా కుదరదు, అది చెక్కడపు పని. తెలుగులో ఫినిషింగ్‌కు బదులుగా అన్నిచోట్లా ఇమిడే ఒక్క మాట కోసం వెతకడం మానేసి, ఏం చేశారో అదే చెప్పండి.

వైర్ బ్రష్‌తో మీరు రాల్చేది పెచ్చులు. దాన్ని చిట్టెం అనకూడదు. చిట్టెం రాతి నుంచి ఇనుము తీసేటప్పుడు మిగిలే మడ్డి, ఆయుర్వేదంలో మండూరం అనేది దాన్నే. మీ పెచ్చులు ఎర్రటి ఇనుముకు గాలి తగిలి ఏర్పడిన నల్లపొర. వదులుగా ఉన్నది రాలిపోగా గట్టిగా అంటుకున్నది మిగులుతుంది, ఆ నలుపే వస్తువుకు అందం.

తరవాతి పనికి సిసలైన తెలుగు క్రియ ఒకటుంది: పట్టించడం. దోసెల పెనానికి నూనె పట్టిస్తాం, తలకు నూనె పట్టిస్తాం. పూసింది పైన నిలుస్తుంది, పట్టించింది లోనికి దిగి వస్తువుతో కలిసిపోతుంది. వేడి ఇనుము మీద అవిసె నూనె రుద్దినప్పుడు జరిగేది దాదాపు అదే. నూనె ఆ పొర సందుల్లోకి దిగి, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. నువ్వుల నూనె ఇంత బాగా గట్టిపడదు, కొబ్బరి నూనె అసలే గట్టిపడదు. మీ పనిలో ‘నూనె పూత’ కంటే ‘నూనె పట్టించిన’ అనడమే నిజానికి దగ్గర. తేనెమైనానికి పూత అనవచ్చు, అది పైపొరే. తుప్పు పట్టడంలో ఉన్నదీ ఈ ‘పట్టు’ క్రియే. అది పట్టకముందే ఇది పట్టించాలి, అంతే. అన్నట్టు ఇనుముకు తుప్పు అనండి, చిలుము ఇత్తడికీ రాగికీ వదిలేయండి.

‘అవిసె నూనె’ దగ్గర చిన్న చిక్కుంది. ఆంధ్రలో, తెలంగాణలో చాలామందికి అవిసె అంటే పువ్వులు, ఆకు కూర వండుకునే చెట్టు. మీ నూనె దానిది కాదు, నీలిపూల చిన్న మొక్క గింజలది. ‘అవిసె గింజల నూనె’ అంటే అనుమానం ఉండదు. భాషతో పని లేని ఒక హెచ్చరిక కూడా చెప్పేస్తాను. ఈ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే, నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి అవే అంటుకుని కాలిపోతాయి. ఆరుబయట విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి.

చీటీల నమూనా అడగలేదు గానీ, రాసి పెడుతున్నాను. కొక్కేనికి: ‘ఎర్రగా కాచి చేత్తో సాగగొట్టిన ఇనుప కొక్కెం. అవిసె గింజల నూనె పట్టించి, తేనెమైనం పూశాను.’ కత్తికి: ‘ట్రక్కు స్ప్రింగు ఉక్కు. నూనెలో పదును పెట్టి, సాన పట్టాను.’ ‘చేతితో తయారు చేయబడినది’ అని మాత్రం రాయకండి. చేసింది మీరే అయినప్పుడు ఆ ‘బడు’ ఎందుకు?