పిస్కాటక్విస్ అడవిలో కాపురం

ప్రశ్న: అక్కా, మావారికి అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో ఆస్పత్రి ఉద్యోగం ఖాయమైంది. జె-1 వేవర్ మీద, అంటే డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్లక్కర్లేదన్న వీసా వెసులుబాటు మీద కాబట్టి మూడేళ్లు కదలడానికి లేదు. మ్యాప్ తెరిస్తే పచ్చరంగు, మధ్యమధ్య నీలం చెరువులు తప్ప ఊళ్లే కనబడట్లేదు. మాకు రెండేళ్ల పాప. అక్కడ అసలు మనుషులుంటారా? ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

చెల్లెమ్మా, కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి అని మా అమ్మమ్మ కథ మొదలుపెట్టేది. పదిహేనేళ్ల కిందట మావారు మీ గ్రీన్‌విల్ ఉన్న ఇదే పిస్కాటక్విస్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పేరు చెప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మాటే. నువ్వడిగిన ప్రశ్నే నేనూ అడిగాను. అప్పుడు నాకు సరిగ్గా చెప్పేవాళ్లు లేకపోయారు. అందుకే నీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

మనుషులున్నారు. 2020 జనాభా లెక్కల్లో 16,800 మంది. నేల మాత్రం 3,961 చదరపు మైళ్లు, పదివేల చదరపు కిలోమీటర్ల పైమాటే. మాది నర్సీపట్నం, మన్యం అంచున పెరిగినదాన్ని. అడవి నాకు కొత్త కాదనుకుని వచ్చాను. కానీ మన అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో ఏర్పడినప్పుడు పన్నెండు వేల చదరపు కిలోమీటర్లయితే అందులో తొమ్మిదిన్నర లక్షల మంది ఉండేవారు. కొండ మీద ఎంత దూరం నడిచినా ఏదో ఒక గూడెం తగులుతుంది, వారానికోసారి సంత ఉంటుంది. ఇక్కడ చదరపు కిలోమీటరుకి ఇద్దరు కూడా లేరు. పైగా ఆ లెక్క పెరగట్లేదు. 1990లో 18,653 మంది ఉండేవారు. నలుగురిలో ఒకరు అరవై అయిదు దాటినవాళ్లు. మీ ఆయన్ని ఇక్కడికి రప్పిస్తున్న కారణం కూడా అదే: వయసు మళ్లినవాళ్లు ఎక్కువ, డాక్టర్లు తక్కువ.

అయితే ఈ సగటు లెక్క చూసి బెంబేలు పడకు. జనం కౌంటీ అంతటా పలచగా పరుచుకుని లేరు. మ్యాప్‌ని మళ్లీ తెరిచి దక్షిణపు అంచు చూడు. పిస్కాటక్విస్ నది వెంట గిల్‌ఫర్డ్, డోవర్-ఫాక్స్‌క్రాఫ్ట్, దానికి తూర్పున మైలో కనబడతాయి. కౌంటీ కేంద్రం డోవర్-ఫాక్స్‌క్రాఫ్ట్, అక్కడ నాలుగు వేల పైచిలుకు జనం. జనాభాలో ఎక్కువమంది ఈ పట్టీలోనే ఉంటారు. అక్కడినుంచి 15వ నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళితే ఆబట్, పలకరాయి గనులకి పేరుపడ్డ మాన్సన్, ఆ తర్వాత మూస్‌హెడ్ సరస్సు కొసన మీ గ్రీన్‌విల్. అక్కడ పధ్నాలుగు వందల చిల్లర మంది. గ్రీన్‌విల్ దాటాక జనం అంటూ పెద్దగా లేరు. లిల్లీ బే రోడ్డు మీద ఇరవై మైళ్ల లోపు కొకాజో అనే చోటు వస్తుంది. అక్కడి బోర్డు మీద జనాభా ఎంతో అంకె వెయ్యరు, 'ఎక్కువ మంది లేరు' అని రాసి పెట్టారు. ఆ పైన అంతా స్ప్రూస్, ఫర్, బర్చ్, మేపుల్ చెట్లు, కటాడిన్ పర్వతం.

ఇంత నేల ఎందుకు ఖాళీగా ఉందో తెలిస్తే ఇల్లు ఎక్కడ చూసుకోవాలో నీకే అర్థమవుతుంది. మసాచుసెట్స్ నుంచి మెయిన్ విడిపోయింది 1820లో. అటూ ఇటూ కొన్ని దశాబ్దాల పాటు ఉత్తరపు అడవిని ఆరు మైళ్ల చదరాలుగా కొలిచి పెద్దపెద్ద ముక్కలుగా అమ్మేశారు. కొన్నవాళ్లకి కావలసింది కలప. రాళ్లనేల, పొట్టి వేసవి కాబట్టి రైతులు అక్కడ నిలవలేదు. చలికాలంలో కూలీలు దుంగలతో కట్టిన గుడిసెల్లో ఉండి చెట్లు నరికేవారు, మంచు కరిగాక దుంగల్ని నదుల్లో తోసేవారు, పని అయ్యాక వెళ్లిపోయేవారు. మూస్‌హెడ్‌లో పుట్టే కెన్నెబెక్ నది మీద ఆ దుంగల తోలకం 1976 దాకా సాగింది. ఇప్పుడు కలప లారీల మీద వెళుతుంది, నేల చాలావరకు ఇంకా ప్రైవేటు కంపెనీల చేతిలోనే ఉంది. నీకు మ్యాప్‌లో కనబడే పచ్చరంగులో ఎక్కువభాగం ప్రభుత్వ అడవి కాదన్నమాట. కటాడిన్ చుట్టూ ఉన్నది మాత్రం వేరు. గవర్నరుగా చేసిన పెర్సివల్ బాక్‌స్టర్ 1930 నుంచి సొంత డబ్బుతో ముక్కముక్కా కొని, ఎప్పటికీ అడవిగానే ఉంచాలన్న షరతుతో రాష్ట్రానికి ఇచ్చేశాడు. ఇప్పుడది రెండు లక్షల ఎకరాల పైచిలుకు. అంతకు ఎన్నో తరాల ముందునుంచీ కటాడిన్ పెనాబ్‌స్కాట్ అనే ఇక్కడి ఆదివాసీ జాతివాళ్లకి పవిత్రమైన కొండ. మొదటిసారి చూసినప్పుడు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

ఆరు మైళ్ల చదరాలన్నాను కదా, వాటిలో చాలావాటికి ఈనాటికీ పేరు లేదు, నంబరే. ఇల్లు వెతుకుతుంటే 'టీ3 ఆర్11 డబ్ల్యూఈఎల్ఎస్' లాంటిది కనబడితే కంగారు పడకు. మూడో టౌన్‌షిప్ (అంటే చదరం), పదకొండో వరస, రాష్ట్రపు తూర్పు రేఖకి పడమర అని దాని అర్థం. అలాంటి చోట్లని అన్‌ఆర్గనైజ్డ్ టెరిటరీ అంటారు. మెయిన్‌లో దాదాపు సగం నేల ఇదే. అక్కడ ఊరి పంచాయతీ ఉండదు, పన్ను, బడి లాంటివి రాష్ట్రం చూస్తుంది, అద్దెలు చవగ్గా కనబడతాయి. చిన్న పిల్లతో మొదటి చలికాలం అక్కడ వద్దు. గ్రీన్‌విల్ ఊళ్లోనే ఆస్పత్రికి దగ్గరలో చూసుకో. దొరక్కపోతే డోవర్-ఫాక్స్‌క్రాఫ్ట్ వైపు చూడమనే అంటారు చాలామంది. నేను మాత్రం వద్దంటాను. అటూఇటూ ముప్పై అయిదు మైళ్లు, మంచు రాత్రి కాల్ డ్యూటీకి ఆయన అంత దూరం రావడం మంచిది కాదు. కాస్త ఎక్కువ అద్దె అయినా ఊళ్లోనే ఉండండి.

ఇల్లు చూసేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగు. ఇక్కడ సరస్సు పక్కన ఉండే ఇళ్లని 'క్యాంప్' అంటారు. చాలావాటిలో వేసవిలోనే కాపురం. ఫొటోల్లో చూస్తే మనసు పోతుంది కానీ నీళ్ల గొట్టాలు చలికి పగిలిపోతాయి. కాబట్టి చలికాలం కూడా ఉండేలా కట్టిందా అని ముందు అడుగు. రెండోది, రోడ్డు మీద మంచు తీసేదెవరు? టౌన్ రోడ్డయితే టౌన్ తీస్తుంది. క్యాంప్ రోడ్డయితే ఇంటివాళ్లే మనిషిని మాట్లాడుకోవాలి. ఆ ఖర్చు అద్దెలో కలిసిందో లేదో కాగితం మీద రాయించుకో.

కట్టెల సంగతి కూడా చెప్పాలి. ఆయిల్ హీటర్ ఉన్నా కట్టెల పొయ్యి ఉన్న ఇల్లే తీసుకో, కరెంటు పోతే దిక్కు అదే. కట్టెలు 'కార్డ్' లెక్కన అమ్ముతారు. ఒక కార్డ్ అంటే ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు పేర్చిన మోపు. మొదటి ఏడాది మేం అక్టోబరులో కొన్నాం. ఎండినవే అన్నాడు అమ్మినాయన. నవంబరు వచ్చేసరికి ఇంటినిండా పొగ, పొయ్యి అద్దం నల్లగా తారు పూసినట్టు, మా పాపకి ఒకటే దగ్గు. పక్కింటి ముసలావిడ, అంటే అరమైలు అవతలి ఇల్లు, ఒకరోజు వచ్చి చూసింది. ఏం మాట్లాడకుండా మా మోపులోంచి రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. దబ్ మంది, తడిబట్ట బండ మీద బాదినట్టు. కారులోంచి తన కట్టెలు రెండు తెచ్చి కొట్టింది. టంగుమని మోగాయి. చివరల్లో నెర్రెలు కూడా చూపించింది. ఎండిన కట్టెకి కొసన చక్రంలో ఆకుల్లా పగుళ్లుంటాయి. ఆ సాయంత్రం వాళ్లబ్బాయి పికప్‌లో అర కార్డు ఎండుకట్టెలు దింపి వెళ్లాడు. డబ్బిస్తే తీసుకోలేదు. వచ్చే ఏడాదికి కట్టెలు ఏప్రిల్లోనే కొనమని మాత్రం చెప్పాడు. నువ్వు వేసవిలో వస్తున్నావు కాబట్టి ఈ ఏటికి కొత్తవి కొనకు, పోయినేడాది నరికినవి అడుగు. లారీ దింపకముందే రెండు తీసి మోగించి చూడు.

ఇక రోడ్డు. మూస్ అంటే గుర్రం కంటే ఎత్తుండే దుప్పి. ఒంటి రంగు రాత్రి రంగులో కలిసిపోతుంది. మామూలు జింక కళ్లు లైట్లకి మెరుస్తాయి, దీని కళ్లు మన హెడ్‌లైట్ల వెలుగు కంటే పైన ఉంటాయి కాబట్టి ఆ మెరుపు కనబడదు. కాళ్లు సన్నం, కారు గుద్దితే ఆ బరువంతా అద్దం మీదికి వస్తుంది. చీకటి పడ్డాక 15వ నంబరు రోడ్డు మీద గంటకి యాభై మైళ్ల వేగం దాటకండి, మే, జూన్ నెలల్లో మరీను. ఒక పొగమంచు తెల్లవారుజామున మాన్సన్ దాటాక రోడ్డు మధ్యలో నాలుగు ఎత్తైన కర్రలు పాతినట్టు కనబడి బ్రేకు వేశాను. తీరా చూస్తే అవి కాళ్లు. అది తల తిప్పి నా వైపు చూసి, తీరిగ్గా బురదలోకి దిగి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

కలప కంపెనీల మట్టిరోడ్ల మీద లారీకే దారి, మనమే పక్కకి తప్పుకోవాలి. అక్కడ ఫోను పలకదు. జీపీఎస్ చూపించిందని ఆ రోడ్లలోకి పోవద్దు. కాగితం మ్యాపుల పుస్తకం ఒకటి కారులో పెట్టుకో. దుప్పటి, టార్చి, మంచు తవ్వే పార, పాపకి తినేవి అక్టోబరు నుంచి మే దాకా కారులోంచి తియ్యొద్దు. చలికాలపు టైర్లు తప్పనిసరి.

కాలాలు మనం అనుకునే నాలుగు కావు. మార్చి ఆఖరు నుంచి బురదకాలం, మట్టిరోడ్లలో చక్రాలు దిగబడతాయి. మే మధ్య నుంచి జూన్ దాకా బ్లాక్ ఫ్లైస్ అనే చిన్న నల్ల ఈగలు. చెవుల వెనక కుట్టి నెత్తురు కారేలా చేస్తాయి, పాపకి తలమీంచి కప్పే దోమతెర టోపీ కొను. నవంబరు వేటకాలం. నారింజరంగు జాకెట్ లేకుండా అడవి దరిదాపులకి వెళ్లొద్దు. మెయిన్‌లో ఆదివారం వేట నిషేధం కాబట్టి నడకలన్నీ ఆ రోజుకి పెట్టుకో. గడ్డిలో తిరిగొచ్చిన ప్రతిసారీ పాప ఒళ్లు పిడుదుల కోసం తడిమి చూడు, లైమ్ జ్వరం ఇక్కడ మామూలే.

ఆస్పత్రులు కౌంటీలో రెండున్నాయి, ఒకటి గ్రీన్‌విల్‌లో, ఒకటి డోవర్-ఫాక్స్‌క్రాఫ్ట్‌లో. రెండూ చిన్నవి. పెద్ద కష్టమొస్తే బాంగర్ నగరానికి పంపుతారు, గ్రీన్‌విల్ నుంచి డెబ్బై మైళ్లు, లేదా హెలికాప్టర్లో. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఒక్క మాట. మెయిన్‌లో చాలా పల్లె ఆస్పత్రుల్లో కాన్పుల వార్డులు మూతపడ్డాయి. నెలలు నిండేటప్పుడు బాంగర్‌లో గది తీసుకుని ఉండేలా ముందే అనుకోండి.

పప్పులు, బియ్యం నెలకోసారి తెచ్చుకోవడమే. కరివేపాకు కుండీలో పెంచుతున్నాను, దక్షిణపు కిటికీ దగ్గర బతుకుతుంది. గుడి అంటే బోస్టన్ పక్కన ఆష్‌లాండ్‌లోని లక్ష్మీ ఆలయం, అయిదు గంటలకు పైగా ప్రయాణం. మేం ఏడాదికోసారి వెళ్లి రెండ్రోజులుండి వస్తాం.

మనుషుల గురించి నీకున్న బెంగ అసలైనది. పక్క ఊళ్లో పుట్టినా ఇక్కడివాళ్లు 'ఫ్రమ్ అవే' అంటారు, అంటే బయటివాళ్లని. దాన్ని మనసుకి తీసుకోకు. ముందుగా వాళ్లు పలకరించరు, నువ్వే వెళ్లాలి. ఏడాదికోసారి టౌన్ మీటింగ్ జరుగుతుంది. ఊరివాళ్లు ఒక హాల్లో కూర్చుని రోడ్డుకెంత, ఫైరింజనుకెంత, లైబ్రరీకెంత అని పద్దు పద్దుగా చదివి చేతులెత్తి ఓటు వేస్తారు. నీకు ఓటుండదు, వెళ్లి కూర్చోవచ్చు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పాత లారీ మార్చాలా వద్దా అని గంటసేపు వాదించుకున్నారు. ఇంత తక్కువమంది ఉన్నచోట ఒక్క మనిషి వచ్చాడా రాలేదా అన్నది అందరికీ తెలుస్తుంది. మర్నాడు పోస్టాఫీసులో ముగ్గురు నా పేరు అడిగారు. పాపని లైబ్రరీలో కథలు చెప్పే రోజుకి తీసుకెళ్లు, అక్కడే నీకు మొదటి స్నేహితురాలు దొరుకుతుంది.

అమ్మానాన్నల్ని పిలిపించుకోవాలంటే సెప్టెంబరు మధ్యకి టికెట్లు తియ్యి. ఈగలు పోయి ఉంటాయి, మేపుల్ ఆకులు ఎర్రబడతాయి, రోడ్లు పొడిగా ఉంటాయి. నాన్నగారు బీపీ మందులు వాడుతున్నారేమో, మూడు నెలలకి సరిపడా అక్కడినుంచే తెమ్మను. వచ్చాక నాకు ఫోన్ చెయ్యి. మా ఇంట్లో ఎండుకట్టెలు ఒక కార్డు మిగిలి ఉన్నాయి, మావారు పికప్‌లో తెచ్చి దింపుతారు.