హాస్టల్ గదిలో ఉంటూ ఆన్‌లైన్ కౌన్సెలింగ్ తీసుకోవచ్చా?

అమీర్‌పేటలో ముగ్గురున్న హాస్టల్ గది, కొత్త ఉద్యోగం, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుందండీ. అయితే చాలామందికి అడ్డుపడేది చోటే. పక్క మంచం మీద మనిషి ఉంటే అసలు మాట గొంతు దాటదు. 45 నిమిషాలూ "బాగానే ఉన్నాను" అంటూనే గడిచిపోతాయి. గది ఖాళీగా ఉండే వేళకే స్లాట్ తీసుకోండి, లేదంటే పార్కులో ఓ మూల బెంచీ చూసుకోండి. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. సిగ్నల్ నిలవకపోతే వీడియో ఆపేసి మాట్లాడండి.

వారం ముందు నుంచే పడుకున్న వేళ, లేచిన వేళ, గుండె దడ వచ్చినప్పుడు ఏం చేస్తున్నారో ఫోన్‌లో రాసిపెట్టుకోండి. మొదటి సెషన్ దాదాపు వివరాలకే సరిపోతుంది, నిరాశపడి మానేయకండి. మూడు నాలుగు సెషన్లయినా మనసు కలవకపోతే మాత్రం మొహమాటపడకుండా కౌన్సెలర్‌ని మార్చండి.

క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మందులు కావాలంటే సైకియాట్రిస్ట్ (మానసిక వైద్యుల) దగ్గరికి వెళ్లాలి.

డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి: ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే. చచ్చిపోవాలనిపిస్తే స్లాట్ కోసం ఆగొద్దు. ఆ నంబరుకే వెంటనే చేయండి, ప్రాణం మీదికొస్తే 108కి. పక్కనున్న వాళ్లను లేపండి.