అమెరికాలో ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ గ్రాంట్లు అడగాల్సిన అవసరమేంటి? ఊరివాళ్లు రాసే ఉత్తరాల వల్ల ఉపయోగం ఉంటుందా?

మీరు అడిగింది ఇదీ: మీ అన్నయ్యవాళ్లు ఉండే కాలిఫోర్నియా ఊళ్లో ఫైర్ డిపార్ట్‌మెంట్ కార్చిచ్చు నివారణకూ, రెస్క్యూ పరికరాలకూ గ్రాంట్ల కోసం దరఖాస్తు పెడుతోందట. మద్దతుగా ఉత్తరాలు రాయమని ఊరివాళ్లను అడుగుతున్నారట. అంత డబ్బున్న దేశంలో ఫైర్ వాళ్లకు ఈ పరిస్థితి ఏంటి, ఆ ఉత్తరాలు ఎవరైనా చదువుతారా అని మీ అనుమానం.

చదువుతారు. నేను ఉత్తర కాలిఫోర్నియాలో, కొండల అంచున ఉన్న ఒక చిన్న నగరంలో ఉంటాను. ఉద్యోగం డేటాబేస్‌లతో. మా ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ గ్రాంటు దరఖాస్తు పెట్టినప్పుడల్లా ఎమర్జెన్సీ కాల్స్ లెక్కలు తీయడం, మ్యాపులు చేయడం లాంటి పనుల్లో వాలంటీర్‌గా సాయపడుతుంటాను. అక్కడ చూసినదాన్ని బట్టే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఇక్కడ ఫైర్ సర్వీసు చాలా చోట్ల ఊరిది, లేదంటే ఫైర్ సర్వీసు కోసమే ఏర్పాటైన స్థానిక సంస్థది, అంటే ఆ ప్రాంతపు ఫైర్ డిస్ట్రిక్ట్‌ది. దేశంలో దాదాపు 30 వేల ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, సిబ్బందిలో ఎక్కువమంది వాలంటీర్లే. కాలిఫోర్నియాలో నగరాలకు ఆస్తిపన్ను పెద్ద ఆధారం. కానీ 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 వల్ల ఆ పన్ను మూల రేటు, లెక్కగట్టిన విలువలో 1 శాతం దగ్గరే ఆగిపోయింది. ఆ విలువ కూడా ఇల్లు చేతులు మారేదాకా ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఫైర్ కోసమని నగర కౌన్సిల్ ప్రత్యేక పన్ను వేయాలనుకుంటే ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. వచ్చినదాంట్లో చాలా భాగం జీతాలకూ పెన్షన్లకూ పోతుంది. కొత్త ఫైరింజన్ ఒక్కటే 10 లక్షల డాలర్ల మాట. ఇల్లు బంగ్లాలా ఉన్నా నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలని సంసారం లాంటిది ఇక్కడి నగర బడ్జెట్.

మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. పరికరాల డబ్బు వేరు, నివారణ డబ్బు వేరు. ఇచ్చేవాళ్లు వేరు, అడిగే పద్ధతి వేరు. ఊరివాళ్ల పాత్ర అయితే మరీ వేరు.

పరికరాలకు పెద్ద దిక్కు కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ ఫెమా నడిపే అసిస్టెన్స్ టు ఫైర్‌ఫైటర్స్ గ్రాంట్. 2001 నుంచి ఇస్తున్నారు. ఈమధ్య ఏటా 30 కోట్ల డాలర్ల చుట్టుపక్కల ఉంటోంది. దేశమంతా పోటీ పడేది దానికే కాబట్టి అదేమంత పెద్ద మొత్తం కాదు. వచ్చే గ్రాంటుకు ఊరు కూడా తన వాటా కలపాలి: జనాభా 20 వేల లోపైతే గ్రాంటులో 5 శాతం, అక్కడి నుంచి 10 లక్షల వరకు 10 శాతం, ఆపైన 15 శాతం. మా ఊరు 10 శాతం లెక్కలోకి వస్తుంది. అంటే 3 లక్షల డాలర్లు వస్తే 30 వేలు మేం పెట్టుకోవాలి. ఆ 30 వేలు ఎక్కడి నుంచి తెస్తారో కౌన్సిల్ ముందే తేల్చుకోవాలి. దరఖాస్తులకు మార్కులు వేసేది వేరే ఊళ్ల ఫైర్ సిబ్బందే కాబట్టి పైపై మాటలు అక్కడ పనిచేయవు. ఏ వస్తువు ఎందుకు కావాలో వాళ్లకు బాగా తెలుసు.

ఇంతకీ ఎందుకు కావాలి? పొగలోకి వెళ్లేటప్పుడు వీపున తగిలించుకునే గాలి సిలిండర్లనే తీసుకోండి. ఇప్పుడు ఎక్కువగా వాడే కాంపోజిట్ సిలిండర్లకు ఆయుష్షు 15 ఏళ్లు. మధ్యమధ్య ప్రెజర్ పరీక్ష చేయించాలి. గడువు తీరాక పైకి ఎంత బాగున్నా పక్కన పెట్టేయాల్సిందే. మంటల్లోకి వేసుకెళ్లే కోటు, ప్యాంటు ప్రమాణాల ప్రకారం 10 ఏళ్లు. వీటినన్నిటినీ ఒకప్పుడు ఒకే గ్రాంటుతో కొని ఉంటారు. కాబట్టి గడువు కూడా అన్నిటికీ ఒకేసారి ముగుస్తుంది. అంత ఖర్చు ఒకే ఏడాది బడ్జెట్‌లో పట్టదు.

ఇంకోటి నేను కళ్లారా చూశాను. ప్రమాదంలో నుజ్జయిన కారులోంచి మనుషుల్ని తీయడానికి హైడ్రాలిక్ కట్టర్లు వాడతారు. ఒక ట్రైనింగ్ రోజున మా కెప్టెన్‌గారు పాత కట్టర్‌తో ఓ కొత్త మోడల్ తుక్కుకారు రెండు డోర్ల మధ్య స్తంభం కోయబోయారు. బ్లేడ్లు స్తంభాన్ని పట్టుకున్నాయి. పంపు చప్పుడు పెరిగింది. బ్లేడ్లు ఒక పక్కకు మెలితిరుగుతున్నాయే తప్ప ఉక్కు తెగడం లేదు. ఆయన ఆపేసి, డోరు కీలు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. లోపలున్నవాళ్లను కాపాడటానికి కార్ల కంపెనీలు అక్కడ అతి గట్టి ఉక్కు వాడుతున్నాయి. పాత కట్టర్లను తయారుచేసినప్పుడు కార్లలో అలాంటి ఉక్కు అంతగా ఉండేది కాదు. ఆ రోజు కారులో ఎవరూ లేరు. రోడ్డు మీద ఎవరో ఒకరు ఉంటారు. దరఖాస్తులో ఈ ఒక్క పేరా చదివితే చాలు, పరికరం ఎందుకో ఇంకెవరూ అడగరు.

అలాగే కొండమంటకు బట్టలు కూడా వేరే. ఇళ్ల మంటలకు వేసుకునే కోటు పొరలు పొరలుగా, దుప్పటి అంత బరువుంటుంది. దాంతో ఎండలో కొండెక్కితే మంట దగ్గరికి చేరేలోపే మనిషి వడదెబ్బకు పడిపోతాడు. పల్చని పసుపు చొక్కా, తేలికైన హెల్మెట్, మంట చుట్టుముడితే కప్పుకోవడానికి నడుముకు అత్యవసర షెల్టర్ ఉండాలి. కొండ అంచున ఉన్న ఊళ్లో ప్రతి మనిషికీ రెండు జతలూ కావాలి.

ఇక నివారణ. నా బాధంతా ఇక్కడే. పెద్ద మంట చెలరేగి, రాష్ట్రం అడిగితే, ఆర్పడానికి అయ్యే అర్హమైన ఖర్చులో 75 శాతం ఫెమా భరించే ఏర్పాటు ఉంది. మంట ఇంకా మండుతుండగానే, గంటల్లో ఆమోదం వస్తుంది. అదే మంట రాకముందు ఎండుగడ్డి కోయడానికి డబ్బు కావాలంటే ప్లాన్, మ్యాపు, పర్యావరణ అనుమతులు, భూమి యజమానుల సంతకాలు, ఆ తర్వాత పోటీ. ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి, నిజమే. కానీ రెండింటికీ ఇంత తేడా ఉండటం న్యాయం కాదు.

నివారణ డబ్బు ముఖ్యంగా రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి రాష్ట్ర సంస్థ కాల్ ఫైర్ ఇచ్చే వైల్డ్‌ఫైర్ ప్రివెన్షన్ గ్రాంట్లు: పొదలు, ఎండుగడ్డి తొలగించడానికి, ఊరిని కార్చిచ్చు నుంచి కాపాడుకునే ప్లాన్ రాయడానికి, జనానికి అవగాహన కల్పించడానికి. రెండోది 2021 నాటి మౌలిక వసతుల చట్టం కింద, ఐదేళ్లకు 100 కోట్ల డాలర్లతో కేంద్ర ఫారెస్ట్ సర్వీసు మొదలుపెట్టిన కమ్యూనిటీ వైల్డ్‌ఫైర్ డిఫెన్స్ గ్రాంట్. దాంట్లో ప్లాన్ తయారీకి రెండున్నర లక్షల డాలర్ల దాకా, పనులకు కోటి డాలర్ల దాకా అడగొచ్చు. పనులకు అడగాలంటే పదేళ్లు దాటని ప్లాన్ చేతిలో ఉండాలి. పనులకైతే మామూలుగా 25 శాతం ఊరి వాటా. అయితే ఆ వాటాలో వాలంటీర్లు చేసిన పని గంటలకు విలువకట్టి కలుపుకోవచ్చు. ఊరివాళ్ల అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే ఊళ్లో మండేదాంట్లో ఎక్కువ భాగం ప్రైవేటు స్థలంలోనే ఉంటుంది. 2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ ఊరిని కాల్చేసిన ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చులో 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. అలాంటి మంటల్లో చాలా ఇళ్లకు నిప్పు అంటుకునేది మంటల గోడ తాకి కాదు, గాలికి ముందే ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. ఆ రవ్వ గటర్‌లోని ఎండాకుల్లో పడుతుంది, గోడకి ఆనించిన కట్టెల్లో పడుతుంది, అటక వెంట్ జాలీలోంచి లోపలికి దూరుతుంది. జాలీ కన్నాలు మూడు మిల్లీమీటర్లు మించకూడదంటారు. మా ఇంటి వెంట్ తీసి చూస్తే దాంట్లోంచి నా చూపుడు వేలు దూరింది. ఇల్లు కొన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ చేసినవాళ్లు ఆ మాటే ఎత్తలేదు. ఇంటి చుట్టూ 100 అడుగుల దాకా ఎండుగడ్డి పెరగకుండా చూసుకోవాలన్నది కార్చిచ్చు ప్రమాదం ఎక్కువున్న చోట్ల చట్టమే. గోడ నుంచి మొదటి 5 అడుగుల్లో అసలు మండేదేదీ లేకుండా చూసుకోవడం మరీ ముఖ్యం. ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎన్ని లక్షలు తెచ్చినా ఆ 5 అడుగులు శుభ్రం చేయాల్సింది ఇంటివాళ్లే.

అందుకే పరిశీలించేవాళ్లు ఊరివాళ్ల ఉత్తరాలు చూస్తారు. డబ్బిస్తే పని జరుగుతుందా, జనం తమ స్థలాల్లోకి రానిస్తారా, మళ్లీ ఏడాది గడ్డి పెరిగితే ఎవరు కోస్తారు అన్నది వాళ్లకు తెలియాలి. మా ఊళ్లో వాగు పక్క కొండవాలు మీద మేకల మందను అద్దెకు తెచ్చి మేపారు. మనుషులు యంత్రాలతో దిగలేని చోట అవి ముళ్లపొదల్ని కాండం దాకా తినేస్తాయి. పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూ కార్లు ఆపి మరీ చూసేవారు జనం. కానీ మరుసటి వానాకాలం తర్వాత అదే గడ్డి నడుమెత్తు పెరిగింది. ఒక్క ఏడాది గ్రాంటుతో తీరే పని కాదిది.

మీరు రాసిన ఇంకో మాట: మన దగ్గరైతే అంతా ప్రభుత్వమే ఇస్తుందని. మన దగ్గర ఫైర్ సర్వీసు రాష్ట్రాలది, అడవి మంటలు అటవీ శాఖ పని. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అడవి తగలబడినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2023లో కేంద్రం రాష్ట్రాల ఫైర్ సర్వీసుల ఆధునికీకరణకు 5 వేల కోట్ల పథకం ప్రకటించింది. అక్కడ కూడా రాష్ట్రాలు ప్రతిపాదనలు పంపాలి, ఎక్కువ రాష్ట్రాలు 25 శాతం వాటా పెట్టాలి. పద్ధతి మరీ అంత తేడా ఏమీ కాదు.

ఇప్పుడు మీ అన్నయ్యకు చెప్పండి. ‘మా ఫైర్‌మెన్ చాలా మంచివాళ్లు’ అని రాస్తే దరఖాస్తుకు పెద్దగా బలం రాదు. వాళ్ల వీధికి బయటికి వెళ్లే దారులు ఎన్ని, నడవలేని పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా, పొగ కనపడిన రోజున ఏం జరిగింది, కొమ్మలు నరికే రోజున తను ఎన్ని గంటలు పనిచేయగలడు, ఇవి రాయాలి. ప్యారడైజ్‌లో జనం కార్లలో ఇరుక్కుపోయింది దారులు చాలకే, కాబట్టి ఆ మొదటి విషయాన్ని అసలు వదలొద్దు. వీలైతే ఈ దరఖాస్తు చర్చకొచ్చే కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లి, గ్రాంటు డబ్బు అయిపోయాక నిర్వహణ ఖర్చు ఏ పద్దులోంచి పెడతారని అడగమనండి. దానికి జవాబు ముందే సిద్ధంగా ఉంటే దరఖాస్తు కూడా బలంగా తయారవుతుంది. ఇక్కడ గ్రాంట్లకు ఇచ్చే గడువు చాలాసార్లు నెల, నెలన్నరే, గడువు దాటాక వచ్చిన ఉత్తరాన్ని జతచేయలేరు. అందుకని ఈ శనివారమే కూర్చుని రాసేయమనండి.