గోల్కొండకి వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

మీ పదో తరగతి వాళ్లంతా వచ్చే ఆదివారం కలుస్తున్నారని, అందర్నీ పోగుచేసింది నువ్వేనని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. స్కూల్లో స్టేజీ ఎక్కమంటే నా కొంగు పట్టుకుని ఏడ్చిన పిల్లవి, పదిహేనేళ్ల తర్వాత పన్నెండు మందిని ఒకచోటికి తెస్తున్నావు. ఎంత సంతోషమేసిందో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, తర్వాత చార్మినార్, సాయంత్రం హుస్సేన్‌సాగర్‌లో బోటు అట. మ్యూజియం తీసెయ్యి తల్లీ, దానికి సగం రోజైనా కావాలి. నీళ్లు, టోపీలు ఎలాగూ మర్చిపోరు. తలా ఎంతవుతుందో ముందే చెప్పెయ్యి, అక్కడ ఎవరూ పర్సు చూసుకుని చిన్నబోకూడదు. బోటెక్కితే లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. ఆ బుద్ధుడి విగ్రహాన్ని 1990లో తీసుకెళ్తుంటే పడవ ఒరిగి నీళ్లలో పడిపోయింది, మనుషులు కూడా పోయారు. విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టేసరికి 1992 అయింది. ఆ నీళ్లంటే నాకు ఇప్పటికీ భయమే.

అసలు రాయాలనుకున్నది కోట గురించి.

2003లో మేం తొమ్మిది మందిమి ఇలాగే వెళ్లాం. నా బెంచీలో నా పక్కన కూర్చునే అమ్మాయి అందరి కోసం స్టీలు కారియర్ నిండా దద్దోజనం చేసుకొచ్చింది. మెట్లు మూడొందల అరవై దాకా ఉంటాయి. కింద నగీనాబాగ్ తోట దాటి కొంచెం ఎక్కేసరికే ఆయాసపడి కూర్చుండిపోయింది. "మీరు వెళ్లి రండే, నేనిక్కడే ఉంటా" అంది. సరేనన్నాం. ఒక్కరం కూడా "నేనుంటాలే" అనలేదు. నేను కూడా అనలేదు.

పైన గాలి హాయిగా ఉంది. ఫొటోలు, పాటలు, మాస్టార్ల గొంతులు అనుకరించడం. రెండు గంటలు తెలియలేదు. మధ్యలో కింద ముఖద్వారం గుమ్మటం దగ్గర నుంచి చప్పట్లు వినిపించాయి. అక్కడ కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినపడుతుంది కదా. ఎవరో పిల్లలు సరదాపడుతున్నారనుకుని మేమూ తిరిగి కొట్టాం.

దిగొచ్చేసరికి మెట్టు మీద కారియర్ ఉంది, మనిషి లేదు. మూత తీస్తే దద్దోజనం మీద పోపు మిరపకాయలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అప్పుడు మా ఎవరి దగ్గరా సెల్‌ఫోన్ లేదు. చీకటి పడేదాకా వెతికాం. కళ్లు తిరుగుతుంటే ఆటో ఎక్కి ఇంటికెళ్లిపోయిందట. ఆర్నెల్ల తర్వాత నాతో మాట్లాడింది. "మూడుసార్లు కొట్టానే చప్పట్లు. మీరూ కొట్టారు. వస్తున్నారనుకుని ఇంకాసేపు చూశాను" అంది. నేనేం చెప్పను? ఆ తర్వాత పెళ్లిళ్లలో పలకరించుకున్నాం కానీ, ఒకే కంచంలో తిన్న ఆ చనువు మళ్లీ రాలేదు.

మీలో ఒకమ్మాయికి కాలు విరిగి ఆరు నెలలే అయిందటగా? ఆ పిల్లని "మీరు వెళ్లండి" అననిచ్చావో, ఊరుకోను! వంతులేసుకుని ఇద్దరేసి కింద తన దగ్గర ఉండండి. లేదంటే అందరూ కిందే తోటలో కూర్చోండి. పైకి ఎక్కకపోతే కోటేం అలగదు. నువ్వే ముందు కూర్చో, నిన్ను చూసి మిగతావాళ్లూ కూర్చుంటారు. పెద్దమ్మ కసురుతోందనుకోకు, కళ్లు తుడుచుకుంటూ రాస్తున్నా.

శనివారం రాత్రి చింతపండు పులిహోర కలిపి ఉంచుతా, పొద్దున ఏడింటికి వచ్చి పట్టుకెళ్లు. కింద కూర్చున్నవాళ్లకి ముందు పెట్టు. కారియర్ ఖాళీ చేసి తీసుకురా.

మీ పెద్దమ్మ